డాబా తోట, దానిలోని పురుగులు: బరంపురం నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో మా డాబా మీద పన్నెండేళ్లకు పైగా మొక్కలు పెంచుతున్నాను. మొదటి నాలుగేళ్లు మందు డబ్బా పట్టుకునే మెట్లెక్కేదాన్ని. తర్వాత మానేశాను. అప్పటి నుంచి ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపూర్ వైపు మన తెలుగువాళ్లు ఫోన్లోనూ, పెళ్లి భోజనాల దగ్గరా అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు పెద్దదైంది, కొన్నిటికి రెండు ముక్కలే సరిపోయాయి.

పురుగులు రాకుండా చూసుకోవాలి గానీ, పిలిచి మరీ పెంచుకోవడమేమిటి?

మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. పట్టుచీర కట్టుకుని మరీ అడిగారు! మన ఊరికి పట్టు నగరమని పేరు. ఒక్క పట్టుగూడు విప్పితే వందల మీటర్ల దారం వస్తుంది. ఆ దారం ఒక గొంగళి పురుగు నోటి నుంచి వచ్చిందే. అది మల్బరీ ఆకు తింటే మురిసిపోతాం, దాని చుట్టం మన నిమ్మాకు తింటే చెప్పు తీస్తాం.

సరదా పక్కన పెడితే అసలు సంగతి ఇది. తోటలో మొక్కను తినే పురుగులు కొన్నే. వాటిని తినేవి, పూల మీద తిరిగేవి, రాలిన ఆకును మట్టి చేసేవి, ఊరికే వచ్చిపోయేవి చాలా ఉంటాయి. మందు కొడితే అన్నీ పోతాయి. కానీ తిరిగి రావడంలో తేడా ఉంది. లేత కొమ్మల రసం పీల్చే పేనుబంకకు మగదాని అవసరం కూడా లేదు, ఆడదే నేరుగా పిల్లల్ని కని వారంలో కొమ్మంతా నింపేస్తుంది. దాన్ని తినే పురుగు గుడ్డు పెట్టి, పిల్లయి, పెద్దదై వచ్చేసరికి వారాలు పడుతుంది. ఆ సందులో మనం మళ్లీ మందు కొడతాం. నేను నాలుగేళ్లు చేసింది అదే. ఏటా మందు ఖర్చు పెరిగింది, చిక్కుడు మాత్రం పెరగలేదు.

కరివేపాకు మొక్కను రెండు రోజుల్లో బోడి చేసేసింది ఒక ఆకుపచ్చ పురుగు. చంపమంటారా, వద్దంటారా?

ఈ ప్రశ్న ఏటా వానాకాలంలో కనీసం పదిమంది అడుగుతారు. ఆ పురుగు నిమ్మ సీతాకోకచిలుకదో, దాని దగ్గరి చుట్టానిదో అయ్యుంటుంది. నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. తల్లి సీతాకోక కాళ్లతోనే ఆకు రుచి చూసి, తన పిల్లలకు సరిపడే ఆకు మీదే గుడ్డు పెడుతుంది.

చిన్నప్పుడు పురుగు గోధుమ, తెలుపు మచ్చలతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పక్షులు చూసి కూడా వదిలేస్తాయి, మనమూ అంతే. చివరిసారి కుబుసం విడిచాక పచ్చగా మారుతుంది. అప్పుడే మన కంట పడుతుంది, అప్పటికే ఆకు సగం అయిపోయి ఉంటుంది. వేలితో తాకి చూడండి, తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. మా పక్కింటి పిల్లలకు అదొక ఆట. రోజూ నలుగురూ వచ్చి తాకి వెళ్తుంటే నాకే జాలేసి ఆపాను.

పురుగుగా రెండు మూడు వారాలు, గూటిలో పది రోజులు అటూ ఇటూ. అంతే. కరివేపాకు కాస్త ముదిరిన మొక్కైతే బోడి అయినా మళ్లీ చిగురిస్తుంది, మనమూ కత్తిరిస్తూనే ఉంటాం కదా. అడుగు ఎత్తు మొక్కైతే మాత్రం తట్టుకోలేదు. అప్పుడు పురుగుల్ని ఆకుతో సహా తీసి పెద్ద చెట్టు మీదికి మార్చండి. నేనైతే కుండీలో ఒక నాటు నిమ్మను వాటి కోసమే వదిలేశాను. ఆ చెట్టు నాకు ఒక్క కాయ కూడా ఇవ్వలేదు, దాని మీద ఆశ కూడా లేదు.

ఒడియాలో సీతాకోకచిలుకను ప్రజాపతి అంటారు. మా వీధిలో ఒడియా పెద్దావిడ ఒకరు ఉన్నారు. ఇంట్లోకి ప్రజాపతి వస్తే పెళ్లి కుదురుతుందని ఆవిడ నమ్మకం. నిమ్మచెట్టు పురుగులను చంపకపోవడానికి మా అత్తగారు చివరికి ఒప్పుకున్నది ఆ మాటతోనే. ఇంట్లో పెళ్లి కావలసిన మరిది ఉన్నాడు మరి.

వంగ పూస్తోంది, పూత మాత్రం రాలిపోతోంది. తేనెటీగలు లేవు, ఏం చేయాలి?

తేనెటీగలు వచ్చినా వంగపువ్వు దగ్గర వాటికి పెద్దగా పనుండదు. వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి సన్నటి గొట్టాల్లాంటి వాటిలో ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. ఉప్పు డబ్బా తలకిందులు చేసి ఆడించినట్టు పువ్వును అదరగొడితేనే పుప్పొడి రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదకు, పొట్ట మీద నీలం చారలుండే, తేనెటీగ చుట్టమైన ఒక చిన్న ఈగకు వచ్చు. అవి పువ్వును పట్టుకుని ఒళ్లు అదిరేలా జుయ్ మంటాయి. పొద్దున్నే కుండీ పక్కన నిలబడితే ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది, గాల్లో ఎగిరేటప్పటి చప్పుడు కంటే కొంచెం సన్నగా ఉంటుంది.

ఈ నీలం చారల ఈగ గుంపుగా ఉండదు. మట్టిలో కన్నం చేసుకుని ఒంటరిగా బతుకుతుంది. డాబా అంతా టైల్స్ పరిచి, కుండీలన్నిటికీ కొబ్బరిపీచు కప్పేస్తే దానికి చోటెక్కడిది? ఒక వెడల్పాటి తొట్టెలో మట్టిని గట్టిగా, ఎండగా, ఏమీ నాటకుండా వదలండి. వచ్చే దాకా పొద్దున పూటే వంగ, టమాటా పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి.

పూత రాలడానికి ఎండ, నీటి ఎద్దడి కూడా కారణం కావచ్చు. మే నెలలో నన్నడగొద్దు, అప్పుడు నేనూ రాలిపోయేట్టే ఉంటాను.

ఇక సొర, బీర సంగతి వేరు. వాటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి చీకటి పడ్డాక రెక్కల పురుగులు వస్తాయి. డాబా మీద రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ లైటు వెలిగిస్తే ఆ పురుగులు పువ్వును వదిలి బల్బు చుట్టూ తిరిగి అలిసిపోతాయి. మా ఇంట్లో లైటు ఆర్పించడానికి కరెంటు బిల్లు సాకుగా చెప్పాల్సి వచ్చింది.

బొద్దుగా, నల్లగా ఉన్న తుమ్మెద కిటికీ చెక్కకు కన్నం పెడుతోంది. కుడుతుందా?

మగది కుట్టలేదు, దానికి ముల్లే లేదు. మన ముందుకొచ్చి గాల్లో నిలబడి బెదిరించేది చాలాసార్లు అదే. ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప జోలికి రాదు. చెక్కను తినదు కూడా, తొలిచి పిల్లల గది కట్టుకుంటుంది. రంగు వేసిన చెక్క కన్నా రంగు వేయని ఎండు చెక్క దానికి ఇష్టం. అందుకని కిటికీకి రంగేయించి, చూరు కింద వాన పడని చోట రెండు ఎండు వెదురు ముక్కలు, ఒక పాత మునగ దుంగ కట్టండి. మా దగ్గర ఆ వెదురుకే మారాయి. ఒకటి మాత్రం మొండికేసి పూజగది గుమ్మం వదల్లేదు.

గుమ్మం మూల మట్టి గూడు కట్టిన కందిరీగను ఏం చేయాలి? కాగితంలాంటి తుట్టె అయితే?

మట్టిగూటి కందిరీగ ఒంటరిది. గూటిని కాపలా కాయదు, మీద పడదు. దాన్ని చూస్తే మన పెద్దలు చెప్పే భ్రమరకీటక న్యాయం గుర్తొస్తుంది. భ్రమరం కీటకాన్ని తెచ్చి గూటిలో పెట్టి చుట్టూ ఝుమ్మంటుంటే, దాన్నే తలచుకుంటూ కీటకం కూడా భ్రమరమైపోతుందట. గూడు పగలగొట్టి చూస్తే కథ వేరు. కందిరీగ గొంగళి పురుగును కుట్టి కదలకుండా చేసి లోపల పెట్టి, దాని పక్కన గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని కందిరీగై బయటికొస్తుంది. లోపలికి పురుగు వెళ్లడం, బయటికి కందిరీగ రావడం రెండూ నిజమే, పాతవాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. మధ్యలో జరిగింది మాత్రం ధ్యానం కాదు, భోజనం. ఒక్కో గూటికి ఎన్ని పురుగులు పోతాయో లెక్కేసుకుంటే మీ క్యాబేజీకి అది ఎంత మేలు చేస్తుందో తెలుస్తుంది.

కాగితపు తుట్టె కట్టేవి గుంపుగా ఉంటాయి, తుట్టెను కదిపితే ఊరుకోవు. అవీ పురుగుల్నే వేటాడతాయి. మనిషి తల తగలని ఎత్తులో, పిల్లలు ఆడని మూల ఉంటే వదిలేయండి. తలుపు దగ్గరో, నీళ్ల ట్యాంకు మూత దగ్గరో ఉంటే తీయించక తప్పదు, తెలిసినవాళ్లను పిలవండి. ఆవేశపడి మీరే కాగడా పట్టుకుని ఎక్కొద్దు. మా వీధిలో ఒకాయన అలాగే ఎక్కి తుట్టెనూ కాల్చారు, పక్కనున్న నీళ్ల పైపునూ కాల్చారు.

తేనెటీగో, కందిరీగో కుడితే?

తేనెటీగ ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది. గోటితో గీరైనా సరే వెంటనే తీసేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కువ దిగుతుంది. కందిరీగ ముల్లు వదలదు. కడిగి ఐసు పెడితే మామూలు వాపు తగ్గుతుంది. ముఖం, నాలుక వాచడం, ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం ఉంటే సున్నం, పసుపు అంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. నోట్లో, గొంతులో కుట్టినా, ఒకేసారి చాలా కుట్టినా అంతే. ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే పిట్టగోడ పక్కన పూలకుండీలు పెట్టి, కూర్చునే చోటు దూరంగా పెట్టుకోండి.

పేనుబంక, పిండినల్లి పట్టాయి. ఏమీ కొట్టకుండా ఎలా?

పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. నిజంగా అంతే, మూడు రోజులకోసారి. కిందపడిన పేనుబంకలో చాలావరకు తిరిగి ఎక్కలేవు. పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు ముంచి రుద్దాలి. చీమల దారి కూడా చూడండి. ఈ రెండూ తియ్యటి జిగురు వదులుతాయి, దానికోసం చీమలు వాటిని ఆవుల్లా కాసి, శత్రువుల్ని తరిమేస్తాయి. కుండీ స్టాండు కాళ్లను నీళ్ల పళ్లెంలో పెడితే చీమలు ఎక్కలేవు. ఆ నీటిని వారానికోసారి పారబోయడం మర్చిపోకండి, దోమల సంగతి కింద ఉంది.

పేనుబంక ఉన్న కొమ్మ మీద నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఒక పురుగు పాకుతుంటే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను బాగా తింటుంది. ఎంతమంది దాన్నే ముందు నలిపేస్తారో! నేనూ నలిపినదాన్నే.

అయితే మన భాషలో ఒక చిక్కుంది. అక్షింతల పురుగు అనే పేరే వంగాకు తినేదానికీ వాడతాం. తేడా ఇలా పట్టుకోండి: వీపు నున్నగా మెరుస్తుంటే మాంసాహారి, మిత్రుడు. వీపు మెరవకుండా, సన్నటి నూగుతో, మచ్చలు ఎక్కువగా ఉంటే శాకాహారి. దాని పిల్ల పసుపురంగులో ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది, ఆకును గీరి జల్లెడ చేస్తుంది. దాన్ని ఏరి సబ్బునీళ్లలో వేయండి, నాకు అభ్యంతరం లేదు. శాకాహారులను చంపమని మాంసాహారులను కాపాడమని చెప్పడం మా ఇంట్లో కొంచెం ఇబ్బందైన మాట, మేం ఉల్లి కూడా తినని వాళ్లం.

వేపనూనె సహజమైనదే కదా, ఎంత కొట్టినా పర్లేదా?

పర్లేదని చెప్పలేను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు, సాయంత్రం పూట, పురుగు ఉన్న కొమ్మకే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. సీతాకోక పిల్లలకూ అది విషమే. దుకాణంలో ‘పోకొ మారిబా ఔషధొ’ (ఒడియాలో పురుగుల మందు) అని అడిగితే చేతిలో పెట్టే సీసా మీద ఏం రాసుందో ఒకసారి చదవండి. ఇమిడాక్లోప్రిడ్ అని ఉంటే అది మొక్క ఒంట్లోకి పాకి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరుతుంది, పూసే మొక్కకు అసలు వద్దు.

ఇన్ని నీళ్ల పళ్లేలు, తామర తొట్టెలు... దోమలు పెరగవా? డెంగీ టెన్షన్ లేదా?

ఉంది. ఈ ఒక్క విషయంలో నేను సర్దుకుపోను. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు నీటి అంచున పళ్లెం గోడకు అంటుకుని, నీళ్లు ఎండినా నెలల తరబడి బతికుంటాయి. అందుకని నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో రుద్దాలి. మా ఇంట్లో శనివారం ఆ పని. కుండీ కింది పళ్లేలు, పిట్టల నీళ్లు, పాత టైరు, కొబ్బరి చిప్పలు అన్నీ చూస్తాం.

తామర తొట్టెలో గప్పీ చేపలు నాలుగు వేయండి. కొన్నాళ్లకు తూనీగలు వచ్చి గుడ్లు పెడతాయి. తూనీగ పిల్ల నీళ్లలోనే ఉండి దోమ పిల్లల్ని వేటాడుతుంది, పెద్దదయ్యాక గాల్లో దోమల్ని పట్టుకుంటుంది. చేపలు మరీ ఎక్కువైతే తూనీగ పిల్లల్నీ తినేస్తాయి, తొట్టెకు నాలుగు అన్నది అందుకే. వీధిలో దోమల పొగ కొట్టే బండి వస్తే తొట్టె మీద, పూలకుండీల మీద తడిగుడ్డ కప్పుతాను. దాన్ని ఆపమని మాత్రం ఎవరితోనూ పోట్లాడను, జ్వరాల కాలంలో ఆ పొగ ఎందుకో నాకూ తెలుసు.

కంపోస్టు డబ్బాలో లావుపాటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. పారేయాలా?

తెల్లగా మొదలై గోధుమ రంగుకు తిరిగే బల్లపరుపు పురుగులైతే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. పెద్ద ఈగ కుట్టదు, మన అన్నం మీద వాలదు, అసలు ఏమీ తినదు. పిల్లలు మాత్రం కూరగాయ తొక్కల్ని మనం కలియబెట్టే దానికన్నా త్వరగా తినేస్తాయి. చూడలేకపోతే ఎండుటాకులు ఇంకో రెండు గుప్పిళ్లు వేసి మూత పెట్టండి. కాస్త చెదరగొడితే గోరింకలు వచ్చి పండగ చేసుకుంటాయి.

మునగచెట్టుకు బొంతపురుగులు గుంపులుగా పట్టాయి.

వాటి జోలికి చేయి పోనీయకండి, వెంట్రుకలు తగిలితే దద్దుర్లు. పగలు కాండం మీద ఒకే చోట గుంపుగా ఉంటాయి కాబట్టి పొడవాటి కర్రకు గుడ్డ కట్టి సబ్బునీళ్లలోకి దులపొచ్చు. చెట్టు నరికేయడం చాలామంది చేసే పని. నరికితే ములక్కాడలూ పోతాయి, మళ్లీ వానాకాలానికి ఆ పురుగు ఇంకో మునగ వెతుక్కుంటుంది.

పురుగుల కోసం ఏ మొక్కలు పెట్టాలి? చోటు కొంచెమే ఉంది.

చోటు ఒక్క కుండీకే ఉంటే తులసి పెట్టండి. గుబురుగా రావాలని కంకులన్నీ తుంచేస్తాం కదా, సగం వదలండి. మధ్యాహ్నం దాకా చిన్న తేనెటీగలు అక్కడే ఉంటాయి. రెండో కుండీలో కొత్తిమీర పాతి కోయకుండా పూతకు రానివ్వండి. గొడుగులాంటి ఆ తెల్లపూల మీద వాలే సన్నటి కందిరీగలు గొంగళి పురుగుల ఒంట్లో గుడ్లు పెడతాయి. వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్ల గూళ్లు అంటుకున్న గొంగళి కనబడితే అలాగే వదలండి, ఆ గూళ్ల నుంచి వచ్చేది ఆ కందిరీగలే. బంతిలో ముద్దబంతి కాకుండా ఒంటిరేకుది మంచిది, పురుగుకు మధ్యలో దారి ఉంటుంది. జనుము వేస్తే ఎండిన కొమ్మల దగ్గరికి కూడా చారల సీతాకోకలు వచ్చి గీరుతుంటాయి.

జిల్లేడు పెట్టండని చెబితే దిష్టి తీసిన మొక్కలా చూస్తారు. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచుండే సీతాకోక పిల్లలకు జిల్లేడే ఆహారం. ఆ పాలలోని చేదు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాన్ని వదిలేస్తాయి. ఇంటి వెనక గోడ పక్కన దానంతట అదే మొలిస్తే పీకకపోతే చాలు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి. లాంటానా మాత్రం తేవద్దు, సీతాకోకలు వాలినా సరే. కొండల్లో అది ఎంత దూరం పాకిందో రాయగడ దారిలో రైలు కిటికీ నుంచే కనబడుతుంది.

మాది జయపూర్. మీరు చెప్పేవన్నీ ఇక్కడ కుదురుతాయా?

మీరు కోరాపుట్ కొండల మీద ఉన్నారు, మేం గోపాల్‌పూర్ సముద్రానికి దగ్గర. మీ దగ్గర చలికాలం పురుగులన్నీ మందగిస్తాయి, మా దగ్గర పిండినల్లికి సెలవే లేదు. ఒక విషయంలో మీరంటే నాకు అసూయ. మీ చుట్టూ వలిసెల పొలాలు పసుపుగా పూస్తాయి, ఆ పూలంటే తేనెటీగలకు ప్రాణం. గుప్పెడు వలిసెలు డాబా మీద తొట్టెలో చల్లి చూడండి.

మామిడి ఆకులు కలిపి గూళ్లు అల్లే ఎర్రచీమల గురించి కూడా మీరే ఎక్కువ అడుగుతారు. కరుస్తాయి, నిజమే. కానీ అవున్న చెట్టు మీద చాలా పురుగులు నిలవవు. ఉత్తరాన మయూర్‌భంజ్‌లో వాటితో చేసే కాయి చట్నీకి 2024 జనవరిలో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కాయలు కోసే రోజు పొద్దున్నే చలిగా ఉన్నప్పుడు ఎక్కండి, లేదా పొడవాటి చిక్కంతో కింద నుంచే కోయండి.

ఆరుద్ర పురుగులు ఎందుకు కనబడటం లేదు? మా చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచేవాళ్లం.

అవి ఎనిమిది కాళ్లవి, లెక్క ప్రకారం పురుగులు కూడా కావు, నల్లి జాతి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలో ఉండి ఆరుద్ర కార్తె వానకు పైకొస్తాయి. మా వీధిలో ఇంటి ముందు మట్టి లేదు, కాలువ దాకా సిమెంటే. డాబా కుండీలోకి అవి ఎక్కి రాలేవు. మీకు పెరడు ఉంటే ఒక మూల తవ్వకుండా, చెత్త కాల్చకుండా వదిలి జూన్ చివర్లో వాన వెలిశాక చూడండి.

తుఫాను తర్వాత తోట పోతే పురుగులు తిరిగి వస్తాయా?

2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు డాబా మీద నాకు మిగిలింది ఇనుప స్టాండు ఒక్కటే. 2018 అక్టోబరు 11న తిత్లీ. హిందీలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం, పేరు పెట్టినవాళ్లకు దండం. రెండుసార్లూ వారాల పాటు ఊళ్లో పువ్వన్నది లేదు. అందుకే ఇప్పుడు తుఫాను వార్త రాగానే తులసి, ఒంటిరేకు బంతి, నాటు నిమ్మ కుండీలను మెట్ల కిందికి దింపుతాను. గాలి తగ్గిన మర్నాడే పైకెక్కిస్తాను. చుట్టుపక్కల పూలు లేని ఆ రోజుల్లో ఆ కొద్ది కుండీల మీద ఎన్ని పురుగులు వాలతాయో లెక్కపెట్టలేం. వాటి కోసం పళ్లెంలో గులకరాళ్లు వేసి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి పెట్టండి, తుఫాను తర్వాత ఉప్పుగాలికి అవీ దాహంతో ఉంటాయి.

నిజం చెప్పండి, మీరు ఏ పురుగునూ చంపరా?

దోమను చంపుతాను. వంగ మొవ్వు తొలిచే పురుగు పడితే వాలిన కొమ్మను కోసి, సబ్బునీళ్లలో ముంచి పారేస్తాను. తొలి వానకు ఉసిళ్లు లేచినప్పుడు లైటార్పి ఊరుకుంటాను గానీ, తలుపు చట్రంలో చెదలు కనబడితే మనిషిని పిలిచి మందు పెట్టించాను, పోయినేడే. ఆ తలుపు పక్కనే తుమ్మెద వెదురు వేలాడుతోంది. మందు పెట్టే అబ్బాయి దాన్ని కూడా తీసేయమంటారా అని అడిగాడు. వద్దని దించి పక్కింటి డాబా మీద నాలుగు రోజులు దాచాను.